ఎనిమిది చుట్ల మేస్త్రీ

మెట్ల కింద గది. గోడకు ఆనించిన బల్ల, బల్ల మీద దళసరి గుడ్డ, గుడ్డ మీద చిన్నా పెద్దా వరసలో స్క్రూలు తిప్పే ఎలన్ కీలు. మేస్త్రీ ఆ గదిలో ఇరవై ఏళ్లుగా పెడల్ స్టీల్ గిటార్లు బాగుచేస్తున్నాడు.

అది ఒళ్లో పెట్టుకునే గిటార్ కాదు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. వాయించేవాడు ముందు కూర్చుని, తీగల మీదికి వంగి, ఒక చేత్తో ఉక్కు కడ్డీ జరుపుతూ, రెండో చేత్తో మీటుతూ, పాదంతో పెడల్ తొక్కుతాడు. తొక్కితే తీగ ఇంకాస్త బిగిసి స్వరం పైకి లేస్తుంది. మొహానికీ తీగకూ మధ్య మూరెడు దూరం ఉంటుంది.

మేస్త్రీ ఎడమకన్ను గాజుది. ఇరవై నాలుగో ఏట మూడో తీగను శ్రుతి చేస్తూ తీగ చుట్టిన బిరడాని ఒక్కసారి ఎక్కువ తిప్పాడు. అన్నిటికంటే సన్నని తీగ అది. తెగిన చప్పుడు అతనికి గుర్తులేదు. చెంప మీద వెచ్చగా కారడం గుర్తుంది. అప్పటినుంచి తీగ బిగించేటప్పుడు మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, చెవితోనే పని చేసేవాడు. బిరడాకి అంతు లేదు. తిప్పినంతసేపూ తిరుగుతుంది.

తరవాత బిరడాలు లేని గిటార్లు వచ్చాయి. వాటిలో తీగ కొసను చిన్న ఉక్కుముక్క పట్టుకుంటుంది. స్క్రూ తిప్పితే ఆ ముక్క తన గాడిలో వెనక్కి జరుగుతుంది. గాడి పొడవు బొటనవేలి గోరంత. పన్నెండు చుట్లకి అయిపోతుంది. తీగను ముందే లాగి కట్టకపోతే స్వరం అందేలోపే స్క్రూ ఆగిపోతుందని వాయించేవాళ్లు విసుక్కున్నారు. మేస్త్రీకి ఆ ఆగడమే నచ్చింది.

కొన్నాళ్లకు పన్నెండు చుట్లు కూడా ఎక్కువనిపించాయి. మూడో తీగ ఏడు చుట్లకే శ్రుతిలోకి వస్తుంది. మిగిలిన అయిదు ఎందుకు? గాడి చివర చిన్న వాషర్ పెట్టాడు. ఎనిమిదో చుట్టుకి ముక్క దానికి తగిలి ఆగిపోయింది. ఆ తరవాత తన చేతికి వచ్చిన ప్రతి గిటార్‌లోనూ పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, భార్యకు తప్ప.

“నేనంటే తప్ప లోకంలో ప్రతిదానికీ భయమే ఈయనకి” అని ఆమె నవ్వేది.

ఒకరోజు పదకొండింటికి బావమరిది వచ్చాడు. ఆమె తమ్ముడే. గిటార్‌ని భుజాన మోసుకొచ్చి బల్ల పక్కన దించాడు.

“బావా, రెండింటికి రికార్డింగు. పాడే ఆవిడ అర స్వరం పెంచమంటోంది. మొదట్లో కడ్డీ పెట్టకుండా తీగలు ఊరికే మోగాలి. అంచేత శ్రుతే పెంచాలి.”

మేస్త్రీ మొహం తిప్పుకుని స్క్రూ తిప్పాడు. ఆగింది. “రాదు” అన్నాడు.

“నువ్వట్లా కొత్తపెళ్లికూతురిలా సిగ్గుపడుతుంటే ఎందుకొస్తుంది? ఇటు చూసి తిప్పు.”

“ఇంతే వస్తుంది. దీని సంగతి తెలిసిందేగా.”

“తీగ వదులుగా కట్టుంటావు. జరుగు, నేను లాగి కడతా.”

మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టేలోపే అతను తీగ ఊడదీశాడు. ఫోన్ లైటు వేసి గాడిలోకి చూశాడు. సన్న పట్టకారుతో వాషర్‌ని బయటికి తీసి అరచేతిలో వేసుకున్నాడు.

“ఇదేంటి బావా?”

మేస్త్రీ గుడ్డ మీది కీలను వరసలో సర్దాడు.

“నువ్వే పెట్టావా? ఇంకా ఎన్నిట్లో ఉన్నాయి?”

“అన్నిట్లో.”

బావమరిది స్టూలు మీద కూలబడి పడీపడీ నవ్వాడు. “ఇన్నేళ్లూ ఈ గిటార్లు తయారుచేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాం కదయ్యా!” నవ్వు ఆగాక అతని గొంతు మారింది. “ఈ పాట పోతే నన్ను మళ్లీ పిలవరు. వాషర్ లేకుండా కట్టు.”

“అర స్వరం పెంచి, దాని మీద నువ్వు పెడల్ తొక్కితే తీగ ఓర్చుకోదు. నీ మొహం దాని మీదే ఉంటుంది.”

“తెగితే తెగుతుంది. తీగలు తెగవా?”

మేస్త్రీ గాజుకన్ను వైపు అతను చూడలేదు. ఎప్పుడూ చూడడు.

కొత్త తీగ కట్టారు. ఎనిమిదో చుట్టు దాటినప్పుడు స్క్రూ ఆగలేదు. మేస్త్రీ వేళ్లు ఆగాయి. తొమ్మిది. తీగ గొంతు సన్నబడింది. తొమ్మిదిన్నర. పదో చుట్టు చివర్లో స్వరం అందింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మెట్ల మీంచి భార్య అడిగింది. “వాడు పట్టుకెళ్తున్నాడా?”

“ఆఁ.”

“వాషర్ ఉందా?”

“తీసేశాడు.”

ఆమె కిందికి దిగింది. “మీరూ వెళ్లండి. నేను ఇక్కడ కూర్చోలేను, అక్కడికి రాలేను.”

రికార్డింగు గదిలో బావమరిది స్టూలు సర్దుకుంటుంటే మేస్త్రీ తన కళ్లద్దాలు తీసి అతని చెవులకు తగిలించాడు.

“ఏంటిది, వెల్డింగువాడిలా?”

“పెట్టుకో. లేకపోతే నేను ఇక్కణ్ణుంచి కదలను.”

“సరే, నీ గోలొకటి.”

పాడే ఆవిడ గాజు తలుపు అవతల ఉంది. మేస్త్రీ గోడ పక్కన నిలబడ్డాడు. మొహం తిప్పుకోలేకపోయాడు. పాట మొదలైంది. తీగలు ఊరికే మోగాయి. బావమరిది పెడల్ తొక్కాడు. ఒకటి. అతను తొక్కినప్పుడల్లా మేస్త్రీ కుడికన్ను దానంతటదే మూసుకుంది. అప్పుడు ఏమీ కనిపించేది కాదు. చీకట్లో స్వరం పైకి లేవడం వినేవాడు. రెండు. మూడు. నాలుగోసారి స్వరం పైదాకా వెళ్లకుండా మధ్యలో నిలిచి దిగింది. కన్ను తెరిచి చూస్తే, బావమరిది తల కాస్త పక్కకు తిరిగి ఉంది.

పాట ఆపి మళ్లీ మొదటినుంచి వాయించారు. రెండోసారి పూర్తయింది. తీగ తెగలేదు.

పాడే ఆవిడ బాగుందని చెప్పి వెళ్లిపోయింది. బావమరిది లేవలేదు. కళ్లద్దాలు తియ్యలేదు.

“నాలుగోసారి కాలు నా మాట వినలేదు బావా. మళ్లీ వాయించినప్పుడు తొక్కుతూనే ఉన్నా, కళ్లు మాత్రం మూసుకున్నా” అన్నాడు. “నీకు రోజూ ఇలాగే ఉంటుందా?”

మేస్త్రీ ఎలన్ కీ తీసి స్క్రూ వెనక్కి తిప్పాడు. పది, తొమ్మిది, ఎనిమిది. తీగ వదులైంది. ఈ కుర్రాడు తీగ మీదికి వంగి నవ్వుతూ వాయించేవాడు. ఇక అలా వాయించలేడని మేస్త్రీకి తెలిసింది.

బావమరిది జేబు తడుముకున్నాడు. అరచేయి చాపాడు. అందులో వాషర్ ఉంది.

“మళ్లీ పెట్టెయ్” అన్నాడు, మొహం అటు తిప్పుకుని.