ఆమె పేరు మీద ఉన్న ఫైలు

వనపర్తిలో ఆడవాళ్ల కష్టాలు విని, రాసుకొని, వకీలు దగ్గరికో పోలీసుల దగ్గరికో తోలుకపోయే చిన్న ఆఫీసుల నేను ఆరేండ్లు పని చేసిన. ఒకటే గది, ఒకటే ల్యాప్‌టాప్. వచ్చినోళ్లు చెప్పేదంత అందుల టైపు చేసి, ఎవరి ఫైలుకు వాళ్ల పేరు, ఊరు పెట్టి దాచేదాన్ని. అడిగినప్పుడు తొందరగ దొరకాలె గదా అని. పాస్‌వర్డ్ పెట్టలే. గదికి తాళం ఉంది, అది చాలనుకున్న.

పాన్‌గల్ దిక్కు నుంచి ఒకామె వస్తుండె. ఇంట్ల దవాఖానకని చెప్పి బస్సెక్కేది. మొగుడు కొడతడని మొదటిసారే చెప్పింది. మూడోసారి మాత్రం, కన్నతల్లికి గూడ చెప్పలేదంటూ ఒక సంగతి చెప్పింది. అది నేనిక్కడ రాయను.

"రాస్తున్నవా అక్కా?" అని నడుమ ఆగింది.

"రాస్తున్న. నేను తప్ప ఎవ్వరు చూడరు" అన్న.

ఆ తర్వాతి వారం కీబోర్డు మీద చాయ్ ఒలికింది. బస్టాండు దగ్గరి రిపేరు దుకాణంల ఇచ్చిన.

"పాస్‌వర్డ్ ఏమన్న ఉందా మేడం?" అని అడిగిండు దుకాణమాయన.

"ఏం లేదు. ఆన్ చేస్తే తెరుచుకుంటది."

రెండు దినాలకు తెచ్చుకున్న. మంచిగ పని చేసింది. ఆ దుకాణమాయన ఆమె మొగునికి దోస్తని నాకప్పుడు తెల్వదు.

పది దినాలకు ఆమె వచ్చింది. కూసోమంటే కూసోలే. ఎడమ చేతికి కట్టు ఉంది.

"నీకు చెప్పిన మాటలు ఆయన నోట్ల విన్న అక్కా. నేనెట్ల చెప్పిన్నో గట్లనే. ఫోనుల చూసుకుంట చదివిండు, మా అత్త ముందట."

"నేనెవ్వరికి చెప్పలే" అన్న.

"మరెట్ల పోయింది?"

అప్పుడు గుర్తుకొచ్చింది. ల్యాప్‌టాప్ రిపేరుకిచ్చిన్నని చెప్పిన. ఆమె తిట్టలే. "నాది తీసెయ్. కేసొద్దు, ఏమొద్దు" అన్నది. ఆమె చూస్తుండంగనే తీసేసిన. ఆయన ఫోనుల ఉన్నది పోదని ఇద్దరికి తెలుసు.

దుకాణానికి పోయి అడిగితే "మాకేం తెల్వదు మేడం" అన్నడు. ఫిర్యాదు చేద్దామంటే ఆమె పేరు బయటికి తియ్యాలె. ఊకున్న.

నాగర్‌కర్నూల్ నుంచి కంప్యూటర్లు తెలిసిన ఒక సారును పిలిపించిన. "ఉట్టి పాస్‌వర్డ్ పెడితే చాలదమ్మా. డిస్కు ఊడదీసి ఇంకో దానికి పెడితే అన్ని కనబడతయి. మొత్తం డిస్కునే ఎన్‌క్రిప్ట్ చెయ్యాలె. అప్పుడు పాస్‌వర్డ్ తెల్వనోనికి ఒక్క ముక్క గూడ అర్థం కాదు" అన్నడు. కూసోని చేసిచ్చిండు. పాస్‌వర్డ్ మరిచిపోతే అక్కరకొచ్చే పొడుగు నెంబరును కాయితం మీద రాయించి, ల్యాప్‌టాప్ సంచిల కాకుండ వేరేచోట దాచమన్నడు. ఫైళ్ల మీద పేర్లు తీసేసి నెంబర్లు పెట్టిన. అంత కలిపి ఒక్క పూట పని. ఆరేండ్లల్ల ఆ ఒక్క పూట నాకు దొరకలే.

మిగిలినోళ్లకు చెప్పాల్నా వద్దా అని నాలుగు దినాలు కొట్టుకున్న. ఫోను చేస్తే ఇంట్ల ఎవరెత్తుతరో తెల్వదు. ఒక్కొక్కరి ఊరికి పోయి చెప్పిన. ఉప్పునుంతల కాడ మిరప చేన్ల కూలికొచ్చిన ఒక పెద్దామె, కాయలు తెంపుతనే నేను చెప్పిందంత విన్నది.

"నాది గూడ చూసిన్రా?"

"తెల్వదమ్మా. చూసే ఉంటరు."

ఇంకొక సాలు అందుకొని, "ఇగ నేను రాను బిడ్డా" అన్నది.

పోయిన ఎండకాలం కొల్లాపూర్ బస్టాండుల పాన్‌గల్ ఆమెను చూసిన. పక్కన మొగుడు, అత్త ఉన్నరు. ఆమె గూడ నన్ను చూసింది. పలకరిస్తే ఆమెకే కష్టం. ఎవరో తెల్వనట్టు తల తిప్పుకున్న. వాళ్లు బస్సెక్కిన్రు. నేను ఎక్కాల్సిన బస్సు గూడ అదే. ఎక్కలే.