నాలుగు వేళ్ల గాలి

మొన్న శనివారం పొద్దున్నే మా సైన్సు టీచరు పోయారని వాళ్లమ్మాయి ఫోను చేసింది. ఇలాంటి కబురు వింటే ఎవరైనా ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. నా నోట ముందు వచ్చిన మాట, "ఆయాసపడ్డారా?" అని. లేదక్కా, అమ్మ నిద్రలోనే పోయింది, కాఫీ పట్టుకెళ్లి లేపితే లేవలేదు అందా అమ్మాయి. నాకు ధైర్యం చెప్పడానికే అలా అంది. కానీ నిద్రలో ఊపిరి ఆగిపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి నుంచి సైనిక్‌పురిలో వాళ్లింటికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. వాన పడుతున్నా ఆ కాసేపూ ఆటో పక్క తెర ఎత్తి పట్టుకునే కూర్చున్నాను. యాభై దాటినదాన్ని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

చిన్నప్పుడు బోయిగూడలో ఒకే ఇంట్లో రెండు వాటాలు మావి. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో టీచరు. గోదావరి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన క్రైస్తవులు వాళ్లు. పెరట్లో ఒక సిమెంటు తొట్టి కట్టించి అందులో చేపలు పెంచేవారు. కూరకి కాదు, పాఠానికి. బజారులో చేపలమ్మే ఆవిడని బతిమాలి, బతికున్న కొర్రమీనుల్ని బిందెలో వేసుకుని నడుచుకుంటూ వచ్చేవారు. పాఠం అయిపోయాక పులుసు ఎప్పుడని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఆ పులుసు ఎప్పుడూ కాలేదు.

నాకు ఉబ్బసం. నోట్లో కొట్టుకునే పంపులు అప్పటికి మా దాకా రాలేదు. ఛాతీలో పిల్లికూతలు మొదలవగానే అమ్మ తలుపులు, కిటికీలు అన్నీ బిగించి, సందుల్లో పాతచీర పేలికలు కుక్కేది. చల్లగాలే నా ప్రాణం తీస్తుందని ఆమె నమ్మకం. ఆ చీకటి గదిలో ఒక్కో ఊపిరికీ ఇదే ఆఖరిదని వణికిపోయేదాన్ని. అమ్మ ముఖం చూస్తే ఆ వణుకు ఇంకా ఎక్కువయ్యేది.

బడి మానేసిన రోజులన్నీ తొట్టి దగ్గరే గడిచేవి. కొర్రమీను కాసేపు అడుగున పడుకుని, ఉన్నట్టుండి పైకి వచ్చి మూతి బయటపెట్టి, ఒక్క గుటక వేసి మళ్లీ కిందికి పోయేది. పాపం దీనికీ నా జబ్బే ఉందనుకున్నాను. టీచరుకి చెబితే నవ్వలేదు. పక్కన చతికిలబడి చెప్పారు. ఎండాకాలం బురదగుంటల్లో నీళ్లు తగ్గి, ఉన్న నీళ్లలో గాలి చాలదట. అందుకని ఈ చేప మొప్పలతో సరిపెట్టుకోకుండా తలలో గాలికని వేరే చోటు పెట్టుకుందట. బురదలో కళ్లు పనిచెయ్యవు కాబట్టి జెల్ల చేప మీసాలతో తడుముకుంటుందట. ఒంటి పక్కన ఉండే సన్నటి గీతతో చేపలు నీటి కదలిక పసిగడతాయట. నిజమే, కొత్తవాళ్లు దబదబా నడుచుకుంటూ వస్తే తొట్టి ఖాళీ అయినట్టు కనిపించేది. "ఎక్కడుంటే అక్కడికి తగ్గట్టు బతకడమేనమ్మా సైన్సంటే," అనేవారు. పరీక్షలో ఆ జవాబు రాస్తే మాత్రం మార్కులు వెయ్యలేదు.

ఒక వేసవిలో టీచరు తన చెల్లెలి పెళ్లికని ఊరికి వెళుతూ మూడు చేపల్నీ నాకు అప్పజెప్పారు. గోడ మీద ఒక గండుపిల్లి తిరిగేది. దాని భయంతో, నిలవబెట్టిన నీళ్లు తెచ్చి తొట్టి అంచుదాకా నింపాను. ఎన్ని నీళ్లుంటే చేపకి అంత సుఖం కదా. పైన పాత తలుపు చెక్క కప్పి, నాలుగు వైపులా రాళ్లు పెట్టాను. అదంతా చేశాక నాకే ఆయాసం వచ్చింది.

మధ్యాహ్నం చెక్క కింద చప్పుడు వినిపించింది. ఠక్, ఠక్ అని కింద నుంచి కొడుతున్నట్టు. ఆడుకుంటున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. కానీ లోపల ఏదో తప్పు జరుగుతోందని తెలుస్తూనే ఉంది. మూత తీస్తే ఎగిరి పడతాయేమో, పిల్లి ఎత్తుకుపోతుందేమో, టీచరు ఏమంటారో. భయంతో తియ్యలేదు. సాయంత్రానికి చప్పుడు ఆగిపోయింది. పొద్దున నాన్న చెక్క ఎత్తితే మూడూ వెల్లకిలా తేలాయి.

టీచరు వచ్చిన రోజే నాకు ఎన్నడూ లేనంత ఉబ్బసం ఎగదట్టింది. నాన్న రిక్షా కోసం పరిగెత్తాడు. టీచరు లోపలికి వచ్చి, తిన్నగా వెళ్లి కిటికీలోని పేలికలు పీకేశారు. అమ్మ అడ్డం పడింది.

"గిట్ల తెరిస్తే సల్లగాలికి బిడ్డ సస్తది టీచరమ్మా."

"మొత్తం తియ్యనమ్మా. నాలుగు వేళ్లు, అంతే," అని చెయ్యి అడ్డంగా పెట్టి కిటికీ రెక్క ఆ మేరకే తెరిచారు. తర్వాత నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టి వీపు మీద చెయ్యి వేశారు. చేపలు చచ్చిపోయాయి అని నేను ఎగశ్వాసలోనే చెప్పాను. నీళ్లలో ఉండే చేప నీళ్లలో మునిగి చచ్చిపోతుందని నీకెలా తెలుస్తుంది, నేను చెప్పకపోవడమే తప్పు అన్నారు. తొట్టికి మూత పెట్టినా నీళ్ల పైన నాలుగు వేళ్ల గాలి వదలాలట. "ఇప్పుడు కంగారుపడి ఎగరొద్దు. చేప పైకొచ్చినట్టు ఒక్క గుటక. మళ్లీ నెమ్మదిగా కిందికి." రిక్షా వచ్చేదాకా అలా లెక్కపెడుతూనే ఉన్నారు. ఆసుపత్రిలో ఇంజక్షను ఇచ్చాకే నెమ్మదించింది, అది వేరే సంగతి. ఆ తర్వాత అమ్మ రోజూ చెయ్యి పెట్టి కొలిచి మరీ కిటికీ తెరిచేది.

ఇన్నేళ్లయినా లిఫ్టు ఎక్కను, సినిమా హాల్లో తలుపు పక్క సీటు దొరకకపోతే తిరిగొచ్చేస్తాను. టీచరు రిటైరై కూతురింటికి చేరాక వెళుతుండేదాన్ని. కళ్లకి శుక్లాలు వచ్చినా గుమ్మంలో నా అడుగు పడగానే, "నువ్వేనా, రా," అనేవారు. ఒకసారి, భయం ఇంకా పోలేదు టీచర్ అని ఏడ్చాను. "చేపకి భయం ఉందో లేదో నాకు తెలీదమ్మా. వేళకి పైకి రావడం మాత్రం దానికి తెలుసు. నీకూ అది తెలిస్తే చాలు," అన్నారు.

సైనిక్‌పురి ఇంట్లో హాలు మధ్య పెట్టెలో ఉన్నారావిడ, చర్చికి కట్టే తెల్లచీరలో. పాస్టరుగారి ప్రార్థన అయింది. ఇద్దరు మనుషులు మూత ఎత్తి తెచ్చారు. ఒకడు మేకు సరిచూసుకోవడానికి చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. ఠక్, ఠక్. నా ఛాతీ బిగుసుకుపోయింది. నా చెయ్యి ఎప్పుడు వెళ్లిందో తెలియదు, పెట్టె అంచు మీద అడ్డంగా ఉంది, నాలుగు వేళ్లూ.

"చెయ్యి తియ్యున్రి అమ్మా, మూత పెట్టాలె," అన్నాడతను మెల్లగా.

ఆవిడకిక గాలి అక్కర్లేదని నాకు తెలుసు. అయినా చెయ్యి రాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. వాళ్లమ్మాయి మాత్రం వెళ్లి హాలు కిటికీ తెరిచింది. తల పైకెత్తి ఒక్క గుటక గాలి పీల్చుకున్నాను. తర్వాత తీశాను, ఒక్కొక్క వేలూ.