ఉన్నావా, పెద్దయ్యా?

మొన్న ఎండవేళ నేనెక్కిన బస్సు గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తుంటే ఘాటుగాలి లోపలికి కొట్టింది. అందరం ఒక్కసారిగా దగ్గాం. మా బడిలోనూ అంతే. గోడ అవతలే మిరప కళ్లాలు. గాలి ఇటు తిరిగితే తరగతి మొత్తం దగ్గేది. మా తెలుగు మాస్టారు మస్తాన్ వలి గారు దగ్గులు ఆగేదాకా ఓపిగ్గా చూసి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. ఇవాళ నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

ఆయన రిజిస్టరు చూడకుండానే హాజరు పిలిచేవారు. అందరి పేర్లూ నోటికి వచ్చు. "ప్రెజెంట్ సార్" అంటే ఒప్పుకునేవారు కాదు, "ఉన్నాను మాస్టారూ" అనాలి. మేం పదో తరగతిలో ఉండగా, బల్ల మీద నా పక్కన కూర్చునే కోటేశ్వరి దసరా సెలవుల్లో తల్లితోపాటు పత్తి తీయడానికి వెళ్లి, పాము కరిచి చనిపోయింది. బడి తెరిచిన రోజు మాస్టారు ఎప్పటిలాగే నా పేరుకు ముందు "కోటేశ్వరి" అన్నారు. పొరపాటనుకున్నాం. ఎవరైనా పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, అప్పుడు నా పేరు పిలిచారు. మర్నాడూ అంతే. ఆయన ఆగిన ఆ కాసేపూ నా ఎడమ భుజం చల్లబడుతున్నట్టుండేది. ఆ పిల్ల కూర్చునే చోటులోకి నేనెప్పుడూ జరగలేదు.

సంగతి ఇళ్లకు పాకింది. పోయిన పిల్లను రోజూ పేరుపెట్టి పిలిస్తే రాకుండా ఉంటుందా అని కొందరు హెడ్మాస్టరు గారి మీదికి వచ్చారు. అప్పుడు కోటేశ్వరి తల్లి కూడా వచ్చింది. మాస్టారిని తిడుతుందనుకున్నాం. ఆమె వరండా స్తంభం పట్టుకొని, "పిలవనీయండయ్యా. మా ఇంట్లో దాని పేరెత్తేవాళ్లే లేరు," అంది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గేటు దాటి వెళ్లిపోయారు.

మిరపకాయలు కళ్లాలకు వచ్చే రోజుల్లో ఒక స్మృతిగీతం పాఠం వచ్చింది. తూటాకు కూలిన ఒక దేశనాయకుడి మీద రాసింది. అందులో ఒక రైతు పొలం నుంచి తిన్నగా ఆ నాయకుడి ఇంటికి వచ్చి, పొరుగింటాయన్ని పిలిచినట్టు గుమ్మం బయటినుంచి పిలుస్తాడు. ప్రతి చరణం చివరా "ఉన్నావా, పెద్దయ్యా?" అంటాడు. జవాబుండదు. మేం దాన్ని జెండా పండుగనాటి ఉపన్యాసంలా గొంతు చించుకొని చదివాం. పోయాడని తెలిసీ ఎందుకు పిలుస్తాడని నేను లేచి అడిగాను. దేశభక్తి అని ముందు బల్లల్లోంచి ఎవరో అన్నారు.

మాస్టారు పుస్తకం మూశారు. పొద్దున అయిపోయిన హాజరే తల వంచుకొని మళ్లీ మొదలుపెట్టారు. కళ్లంలో కూలీలు అన్నాలకు పోయారు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. "కోటేశ్వరి" అన్నారు.

"ఉన్నాను మాస్టారూ."

గొంతు మా బల్ల మీంచే వచ్చింది. తరగతంతా నావైపు తిరిగింది. నేనే అన్నానేమో. అన్నట్టు మాత్రం నాకు తెలియదు. అది కోటేశ్వరి గొంతేనని వెనక బల్ల పిల్ల ఒకతె ఏడుపు మొదలుపెట్టింది. మాస్టారు తల ఎత్తలేదు. చాలాసేపటికి నా పేరు పిలిచారు. పలికాను.

"ఇప్పుడు చదువమ్మా," అన్నారు.

చదువుతూ పిలుపు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. పలుకుతాడేమోనన్న ఆశ, నిజంగానే పలికితే ఎలాగన్న భయం, రెండూ కలిసి ఆ రైతును గుమ్మం బయటే నిలబెట్టాయని అప్పుడు తెలిసింది. నేనెన్నడూ చూడని ఆ నాయకుడి కోసం ఏడ్చాను. గంట కొట్టాక మాస్టారు నా దగ్గరికి వచ్చారు. తన చిన్నతనంలో ఇలాంటి కబురే రేడియోలో వస్తే వాళ్లమ్మ పొయ్యి ఆర్పేసి కూలబడిందట. ఏడుస్తూ ఆమె పిలిచింది మాత్రం పురిట్లో పోయిన తన చెల్లెల్నట. "దేశమంతా ఏడ్చిందంటే అదేనమ్మా. ఎవరి మనిషిని వాళ్లు పిలుచుకున్నారు," అన్నారు. మర్నాటి నుంచి ఆయన హాజరులో కోటేశ్వరి పేరు లేదు.

చాలా ఏళ్లకు, ఆయన రిటైరై నల్లపాడులో కొడుకు దగ్గర ఉంటున్నారని తెలిసి వెళ్లాను. చూపు మందగించింది. గొంతు విని నన్ను పోల్చుకున్నారు. టీ తాగాక, ఇన్నాళ్లుగా నన్ను వదలని సంగతి అడిగాను. ఆ రోజు పలికింది నేనేనా అని. ఆయన గ్లాసు కింద పెట్టి, ఎదురుగోడ వైపు ముఖం తిప్పుకున్నారు.

"నేను చూడలేదమ్మా. తలెత్తితే ఆ పిల్ల ఉండదు కదా. అందుకని చూడలేదు."

ఆయన కూడా పోయారు. ఇప్పుడు స్మృతిగీతం ఏది చెప్పాల్సి వచ్చినా నేను ముందుగా అర్థం చెప్పను. పిలుపు దాకా చదివి ఆగుతాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక్కోసారి వెనకనుంచి ఎవరో పలకబోతున్నట్టు ఊపిరి తీసుకున్న చప్పుడవుతుంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తను.