ముడుల మేస్త్రీ తెచ్చిన మెరూన్ క్యాబిన్

మా బావకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఆయన కంటికి ఒకే రకం మట్టిరంగు. పుట్టుకతో వచ్చిన సంగతి. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఆయనకీ మా అక్కకీ తప్ప మూడో కంటికి తెలియనివ్వలేదు.

దాచడానికి కారణం ఉంది. బావ చేసేది పాత పికప్ బళ్ళకి క్యాబిన్లు మార్చే పని. ఒక బండికి కింది ఛాసిస్ గట్టిగా ఉండి, డ్రైవరు కూర్చునే క్యాబిన్‌ని తుప్పు తినేసి ఉంటుంది. ఇంకో బండి ఎక్కడో గుద్దుకుని ఛాసిస్ వంకరపోయినా, పైన క్యాబిన్ నిక్షేపంలా ఉంటుంది. దీని తల తీసి దానికి పెడితే ఒక బండి బతుకుతుంది. అయితే తల మార్చడమంటే బోల్టులు విప్పి బిగించడం ఒక్కటే కాదు. లైట్లకీ హారన్‌కీ ఇండికేటర్లకీ పోయే వైర్లన్నీ కోసి మళ్ళీ కలపాలి. వైర్లకి గుర్తు రంగే. రంగులు తెలియనివాడి చేతికి బండి ఎవరిస్తారు?

అందుకని ఆయన బ్యాటరీకి బల్బు తగిలించి, ఏ వైరు దేనిదో ముందే తేల్చుకుని, కొసకి దారం కట్టి ముడులు వేసేవాడు. హెడ్‌లైటుకి ఒక ముడి, హారన్‌కి రెండు, వైపర్‌కి మూడు. అయిదు దాటితే దారం మార్చి లావుది కట్టేవాడు. కలిపేటప్పుడు కళ్ళతో పనిలేదు, వేళ్ళతో తడుముకుంటే చాలు. ఒక్క వైరూ తప్పు పోయేది కాదు. వీధిలో ఆయన పేరే ముడుల మేస్త్రీ. పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ ఇదేదో పెద్ద విద్య అనుకుని, తన కళ్ళు భేషుగ్గా ఉండి కూడా, రెండేళ్ళుగా ముడులు వేస్తున్నాడు.

వైర్లు కాక మిగిలిన రంగులు అక్క చూసుకునేది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, వడ్డిస్తూ ఏదో ఒకటి వాగుతూ ఉండేది. "ఏవండీ, ఆ ఎర్ర తలుపు ఎవరిది? మిరపపండులా ఉంది." "ఈ పచ్చ బంపరు ఆ బండికేనా?" అక్కకి రంగుల పిచ్చి అనుకునేవాళ్ళం మేమంతా. "నువ్వు బట్టల కొట్టులో పుట్టాల్సిందే అక్కా," అని ఒకసారి ఏడిపించాను కూడా. బావ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

మొక్కల నర్సరీ ఆవిడ బండి రిపేరుకి వచ్చిన వారమే అక్క ఊళ్ళో లేకుండా పోయింది. పెద్దమ్మ మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే సాయానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "బావతో షెడ్డుకి వెళ్ళరా. ఊరికే కూర్చుని కనిపించినవన్నీ కబుర్లు చెబుతూ ఉండు," అంది. ఎందుకో చెప్పలేదు. నేను లెక్కల మాస్టర్ని, బడికి సెలవులు. ఊరికే కూర్చోవడం బాగానే వచ్చు. కబుర్ల సంగతి మర్చిపోయాను.

నర్సరీ ఆవిడ మొక్కలు పెంచి అమ్ముతుంది. బండి ఆకుపచ్చది, పాతికేళ్ళది. క్యాబిన్ నేల ఎంత పుచ్చిపోయిందంటే, బ్రేకు మీద కాలు పెడితే కింద రోడ్డు కనిపించేది.

"వానొస్తే కాళ్ళు కడుక్కునే పని లేదు మేస్త్రీ," అందావిడ. "ఛాసిస్ మాత్రం రాయి. తల మార్చండి. సోమవారం నాలుగొందల మొక్కలు కొత్త పార్కులో దించాలి. రంగు వేయించుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు, కాబట్టి ఇదే రంగుది చూడండి. తల ఒక రంగు, వెనక సామాను తొట్టి ఒక రంగు అయితే జనం నవ్వుతారు."

"ఇదే రంగుది తెస్తానమ్మా," అన్నాడు బావ. ఎప్పుడూ తెచ్చేవాడే. ఎప్పుడూ వెంట అక్క ఉండేది.

మర్నాడు పాత ఇనుము కొట్టుకి వెళ్ళాం. పాత టైర్ల మీద రెండు క్యాబిన్లు కూర్చోబెట్టి ఉన్నాయి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి మెరూన్. "రెండూ ఒకే మోడల్ మేస్త్రీ, ఏది కావాలంటే అది పట్టుకుపో," అన్నాడు కొట్టాయన. బావ గొంతుక్కూర్చుని చిన్న సుత్తితో రెంటి నేలనీ తట్టి విన్నాడు. పచ్చది బొదబొదమంది. మెరూన్‌ది ఖంగుమంది.

"ఇదే," అన్నాడు.

"మరి రంగో బావా?"

"రంగు రెంటికీ ఒకటేగా."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఇద్దరం ఒకే జోక్‌కి నవ్వలేదని తర్వాత తెలిసింది. ఎవరో పెయింటర్‌ని మాట్లాడి ఉంటాడనుకున్నాను. ఆయన పనిలో నేను వేలు పెట్టడమంటే ఏనుగుకి చీమ దారి చెప్పినట్టే.

మూడు రోజులు పట్టింది. పాత క్యాబిన్ ఆరు బోల్టుల మీద కూర్చుని ఉంటుంది. అయిదు గంటలో వచ్చాయి, ఆరోది ఒక పూటంతా తిన్నది. స్టీరింగు విడదీసి, క్లచ్ కేబులూ బ్రేకు గొట్టమూ విప్పి, గొలుసు కప్పీతో తల పైకి లేపాడు. కింద మిగిలిన ఛాసిస్ చర్మం వలిచిన జంతువులా ఉంది. దాని పక్కకి చెక్కిన నంబరు చూపించి, "బండంటే ఇదిరా. కాగితాలన్నీ దీని పేరునే. తల ఎన్నిసార్లు మారినా బండి మారదు," అన్నాడు. కొత్త రబ్బర్లు వేసి, మెరూన్ తలని అంగుళం అంగుళం దించి, శనివారం సాయంత్రానికి ముడులన్నీ కలిపేశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఒకే అచ్చులో పోసినట్టు లేదూ?"

నా కంటికి ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికించినట్టే ఉంది. "బ్రహ్మాండం బావా," అన్నాను.

ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "పని ఎంతదాకా వచ్చిందిరా?"

"అయిపోయింది. ఇక పెయింటరు రావడమే."

"పెయింటరెందుకు?"

"మెరూన్ క్యాబిన్‌కి పచ్చరంగు వెయ్యొద్దూ?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"పక్కనే ఉండి నువ్వేం చేశావురా?" అంది.

"నవ్వాను," అన్నాను. ఉన్నమాటే కదా.

అప్పుడు చెప్పింది, ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకున్నదాన్ని నాలుగు ముక్కల్లో. "బయటపడితే ఆయన చేతికి వైరు ముక్క కూడా ఎవరూ ఇవ్వరు. సాయంత్రం బస్సుకి వస్తున్నా. ఆయనతో అనకు, కంగారు పడతాడు. ఈలోగా ఎవరైనా అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు."

సాయంత్రం కాకుండానే, మధ్యాహ్నం నర్సరీ ఆవిడ వచ్చేసింది. షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి మేస్త్రీ?"

"ఏమైందమ్మా?" అన్నాడు బావ, పాపం, నిజంగానే అర్థం కాక.

గట్టెక్కించే వేళ వచ్చిందని నేను ముందుకి దూకాను. "ప్రైమరండీ. తుప్పు పట్టకుండా ముందు ఎర్ర పూత కొడతారు కదా, అదీ. పైన పచ్చరంగు పడాల్సి ఉంది."

బావ నా వంక చూశాడు. ఎర్ర పూత అన్న మాట దగ్గర ఆయన మొహం పాలిపోయింది. తను తెచ్చింది ఏ రంగో నా అబద్ధంలోంచే ఆయనకి తెలిసింది.

ఆవిడ తలుపు మీద వేలు పెట్టి రాసింది. "ప్రైమరు ఇంత నిగనిగలాడుతుందా? గరుకు కాగితంతో రుద్దిన జాడే లేదు. పాత రంగు గీకకుండా పైపైన పూసి అంటగట్టేద్దామనా?"

ఆ క్షణంలో బావ ఊరుకుని ఉంటే సరిపోయేది. పని ఎగ్గొట్టే మేస్త్రీలు లోకంలో బోలెడంత మంది, వాళ్ళలో ఈయనొకడయ్యేవాడు. రహస్యం రహస్యంగానే ఉండేది. కానీ ఆ మాట ఆయనకి పడలేదు.

"అమ్మా, రుద్దకుండా ప్రైమరు కొట్టిన రోజు నా జన్మలో లేదు. ఇది ప్రైమరు కాదు. మా బావమరిది మాస్టరు అబద్ధం చెబుతున్నాడు. నాకు ఎరుపుకీ పచ్చకీ తేడా తెలీదు, పుట్టినప్పట్నుంచీ అంతే. మీ బండి రంగే అనుకుని తెచ్చాను."

పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ చేతిలో టెస్టరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నర్సరీ ఆవిడ క్యాబిన్‌లోకి తొంగి చూసింది. తర్వాత, "మరి వైర్లు?" అంది.

బావ తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది. హెడ్‌లైటు వేసింది, వెలిగింది. హారన్ నొక్కింది, మోగింది. వైపరు తిరిగింది. ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు. కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచింది.

"మాస్టారూ, వెనక్కెళ్ళి బ్రేకు లైటు చూడండి. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి."

"వెలిగిందండీ," అన్నాను వెనక నుంచి.

"ఏ రంగు?"

"ఎరుపండీ."

"పోనీలెండి, మీకైనా తెలుసు."

వీధి చివరిదాకా తోలుకుని వెనక్కి వచ్చింది. దిగి, కాలితో క్యాబిన్ నేలని రెండుసార్లు తన్ని చూసింది. "పచ్చది దొరకలేదా అసలు?"

"ఒకటి ఉందమ్మా. దాని నేల పుచ్చిపోయింది, ఏడాది వచ్చేది కాదు."

"సరే. రేపు మొక్కలు ఇలాగే వెళ్తాయి. నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. మంగళవారం బండి పంపిస్తాను, పచ్చరంగు మీ ఖర్చు."

"నాదేనమ్మా."

"వేసేటప్పుడు పక్కన ఎవరినైనా పెట్టుకోండి." నా వైపు చూసి, "ఈయన్ని కాదు," అంది.

సాయంత్రం అక్క దిగింది. కొట్టువాడు వేరే క్యాబిన్ పంపించాడని చెప్పాలట. బస్సులో కూర్చుని పేరా పేరాగా తయారు చేసుకుని వచ్చింది. జరిగింది విని టైరు మీద కూలబడింది.

"ముప్పై ఏళ్ళు నోరు నొప్పెట్టేలా వాగాను కదండీ. ఒక్క పూటలో మీరే చెప్పేసుకున్నారా?"

"గీకకుండా పూశానంది," అన్నాడు బావ. అంతకంటే సంజాయిషీ ఏముంటుందన్నట్టు.

"ఇక నేనేం మాట్లాడను?"

"అలాగే వాగుతూ ఉండు. వినడం అలవాటైపోయింది."

అక్క కళ్ళు తుడుచుకుంటూ, దొరికిన నన్ను తిట్టింది.

సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు నిష్ఠూరంగా. "మరి నాకెందుకు నేర్పావు మేస్త్రీ ఆ ముడులు?"

"నేను నేర్పలేదు. నువ్వే దొంగచాటుగా చూసి నేర్చుకున్నావు."

రంగుల సంగతి విన్న పాల వ్యానతను మాత్రం సగం పనిలో ఉన్న తన బండిని తోయించుకుని తీసుకుపోయాడు. బావ విప్పిన సామానంతా డబ్బాలో సర్ది ఇచ్చి, షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట సుత్తి చప్పుడు వినిపించలేదు.

మంగళవారం మాట ప్రకారం నర్సరీ బండి వచ్చింది. రంగు కొనాలి. ఇన్నాళ్ళూ పెయింట్ల కొట్టుకి వెళ్తే అక్క లోపలికి వెళ్ళేది, ఈయన బయట బండి మీదే కూర్చునేవాడు. ఈసారి అక్క చెప్పులు వేసుకుంటుంటే వద్దన్నాడు. నోరు విప్పనని మాట తీసుకుని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. చేతిలో బండి తొట్టి నుంచి విప్పిన చిన్న రేకు మూత ఉంది. కొట్టు మెట్ల దగ్గర ఆగి, ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

లోపల నలుగురు మనుషులున్నారు. బావ మూతని బల్ల మీద పెట్టి, అవసరమైన దానికంటే గట్టిగా అన్నాడు. "దీనికి సరిపోయే పచ్చరంగు కావాలి. నాకు రంగులు తెలియవు. నువ్వే చూసి ఇవ్వాలి."

కొట్టాయన మూతని అటూ ఇటూ తిప్పాడు. వెనక అరలోంచి ఒక డబ్బా దించి, దాని మూత మీద రంగు చుక్క చూసి, ఇంకోటి దించాడు. తల కూడా ఎత్తకుండా అడిగాడు.

"రెండు లీటర్లా, మూడా?"