చిన్నాయన అంగడి షట్టరు

మొన్న మదనపల్లె నుంచి వస్తూనే ఆ సంగతి మొదట చెప్పింది మా ఆడబిడ్డ. కుర్రాళ్లు మోత కోసం మార్పించుకున్న బైకు సైలెన్సర్లను పోలీసులు ఊడబెరికి, రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారట. "పీడ వదిలింది వదినా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తొంభైల చివర్లో పుంగనూరులో మా చిన్నాయనకు మోటారుసైకిళ్లు బాగుచేసే అంగడి ఉండేది. నేను బడికి పోకుండా నాయన దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని కాబట్టి, మధ్యాహ్నం అన్నం క్యారియరు మోసే పని నాదే అయింది. ఆ కాలపు బండ్లు మీకూ గుర్తుండే ఉంటాయి, పెట్రోలులో ఆయిలు కలుపుకొని తాగి, వెనక నీలంపొగ కక్కేవి. పొగ పరీక్ష సర్టిఫికెట్టు అడగడం అప్పుడప్పుడే మొదలైంది. చౌడేపల్లె నుంచి పాలు తెచ్చే ఆయన బండికి మర్నాడే ఆ పరీక్ష. చిన్నాయన సైలెన్సరు విప్పి మసి వదిలేందుకు అంగడి ముందర నిప్పుల్లో పడేసి, లోపల ఉత్త ఇంజనును నడుపుతూ కార్బొరేటరు సరిచేస్తుంటే వీధంతా అదిరిపోయింది.

పక్కంగట్లో పరుపులు కుట్టే సాయిబుల అవ్వ వచ్చి, "ఏమప్పా, నా మనవడు పుట్టి పదిదినాలు కాలేదు, ఉలికిపడి ఏడస్తాండాడు. నీ బండికి గొంతు నొయ్యదా?" అంది. చిన్నాయన తల ఎత్తకుండానే నవ్వి, షట్టరు సగం దించమ్మా అని నాతో అన్నాడు. నేను పూర్తిగా దించేశాను. పసిబిడ్డ మీద జాలితోనే దించాను, మంచిపని చేయించావు స్వామీ అని మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

బయట మెట్టు మీద క్యారియరు పెట్టుకొని కూర్చున్నాను. హెచ్చుతూ తగ్గుతూ ఉండిన ఇంజను మోత కాసేపటికి ఒకే తీరున నిలబడింది. పని కుదిరినట్టుంది, ఇక అన్నానికి వస్తాడు అనుకున్నాను. అవ్వ మాత్రం చేతిలో సూదితోనే బయటికొచ్చింది. "యాల ఒకే మాదిరి మోగుతాండాది? లోపల చెయ్యి పెట్టేవాడు లేడా?" అంటూనే షట్టరు ఎత్తింది. నీలంపొగ మా ముఖాల మీదికి దొర్లింది. చిన్నాయన బండి పక్కన బోర్లా పడి ఉన్నాడు. అంత బరువు మనిషిని ఆ ముసలామె చంకల కింద చేతులేసి వీధిలోకి ఈడ్చుకొచ్చింది.

దేవుడి దయ, అవ్వ చలవ, చిన్నాయన బతికాడు. మదనపల్లె ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినా, తలకెక్కిన ఆ పొగవిషంతో చేతుల వణుకు తగ్గలేదు, స్పానరు పట్టుకొని దాని పేరేమని నన్నే అడిగేవాడు. ఏడాది తిరక్కుండానే అంగడి మూతపడింది.

అవ్వ వారం వారం ఆయన్ను చూడను వచ్చి, మోత తగ్గించమన్న పాపం నాదే కదా అని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. తలుపు వెనక నిలబడి అన్నీ వినేదాన్ని. ఆయన సగమే దించమన్నాడని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గుండె బరువు దిగేది. చెప్పలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆమె ఆ బరువుతోనే కన్నుమూసింది.

ఇప్పుడు బండ్లు పొగా మోతా లేకుండా పోతున్నాయి, అందుకు దేవుడికి వేయి దండాలు. పక్కంగట్లో చప్పుడు మారితే సూది ఆపి లేచి వచ్చే మనిషి మాత్రం ఏ వీధిలోనూ కనిపించడం లేదు. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఒక్కసారి ఆ అవ్వను తలుచుకోండి. ఆమె తప్పేమీ లేదు. షట్టరు దించింది నేను.