ఈడే ఉండా

పోయిన వారం మా పెద్దమ్మ పోయింది. మద్రాసు తిరువొత్తియూరులో, ఆసుపత్రి మంచం మీద, పొద్దున కాఫీల వేళ. ఈ కబురు మీకెందుకంటారా? మీరు ఆమెను చూసి ఉండరు గానీ మీలో కొందరు ఆమె గొంతు వినే ఉంటారు. చాలా ఏళ్ల కిందట వచ్చిన గబ్బిలాల బొమ్మల సినిమా గుర్తుందా? గుహలో దారి తప్పిన పిల్ల "అమ్మా, ఎక్కడున్నావు?" అని అరిస్తే, పైన చీకట్లోంచి తల్లి "ఈడే ఉండా" అంటుంది. ఆ తల్లి గొంతు మా పెద్దమ్మదే.

పేరున్న గొంతేం కాదు ఆమెది. డబ్బింగులో గుంపు గొంతు. సంతలో జనం, పెళ్లిలో ముత్తయిదువలు, శవం చుట్టూ ఏడ్చే ఆడవాళ్లు, వీళ్లలో ఒకతె. బస్సులు మారి స్టూడియోలుండే కోడంబాక్కం పోయి, పగలంతా ఎవరెవరి శవాల మీదో పడి ఏడ్చి, సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చేది. "ఈ పొద్దు ఇద్దర్ని సాగనంపినా. గొంతు పట్టుకునింది, మిరియాల రసం పెడతా ఉండు" అనేది. మొన్న ఆమెను సాగనంపేటప్పుడు మాకెవరికీ ఏడుపు సరిగ్గా రాలేదు. ఆమె ఉంటే ఇంకో టేకు అడిగేది.

మా అమ్మ అంబత్తూరులో ఫ్యాక్టరీ పనికి పోయేది కాబట్టి నేను పెరిగింది పెద్దమ్మ దగ్గరే. డబ్బింగు లేని రోజు చూసుకునేది ఆమె, ఉన్న రోజు పక్కింటివాళ్లు. కరెంటు పోతే నాకు ప్రాణాలు పోయేవి. కూర్చున్నచోటి నుంచి కదలకుండా "పెద్దమ్మా, ఏడుండావు?" అని ఒకటే కేక. వంటింట్లోంచి "ఈడే ఉండా" అనేది. వచ్చి దగ్గరకు తీసుకునేది కూడా కాదు, చేతిలో పని చేతిలోనే ఉండేది. ఆ మాట వినబడితే చాలు, నాకు ఊపిరాడేది.

ఆ మాట సినిమాలోకి పొరపాటున పోయింది. తల్లి గబ్బిలానికి చెప్పాల్సినావిడకు ఆ రోజు జ్వరం. గుంపులోంచి మా పెద్దమ్మను లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టారు. చెప్పించే సారుది విజయవాడ వైపు, భాష దగ్గర మహా పట్టింపు మనిషి. "అమ్మా, మీ మద్రాసు తెలుగు బయట చెప్పులతో పాటు విడిచి రండి" అని ముందే హెచ్చరించాడట. రాసిచ్చింది "నేను ఇక్కడే ఉన్నాను". ఈమె ఎంత గబగబా అన్నా గబ్బిలం నోరు మూసేస్తుంది, ఈమె మాట మిగిలిపోతుంది. "నోరు చూసి చెప్పండమ్మా, మాట నోట్లో పట్టాలి" అని అద్దం అవతల్నుంచి సారు సతాయింపు. తెర మీద పిల్లేమో మళ్లీ మళ్లీ అరుస్తోంది. పెద్దమ్మ ఆ చీకటి గదిలో తానెక్కడుందో మరిచిపోయి ఇంట్లో నాకు పలికినట్టు పలికేసింది. "ఈడే ఉండా."

గబ్బిలం నోరూ ఆమె మాటా సరిగ్గా ఒక్కసారే మూసుకున్నాయి.

"అయ్యో, తప్పొచ్చేసింది సార్. ఇంగొకసారి చెప్తా."

సారు ఆ ముక్క మళ్లీ వేయించుకుని విన్నాడట. తర్వాత, "వద్దులేమ్మా. ఆ గబ్బిలానిది మీ ఊరే అనుకుందాం" అన్నాడట.

ఈ కథ పెద్దమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ సారుకు ఇంకాస్త కోపం ఎక్కువయ్యేది. సినిమా చూసిన రోజు అందరూ మురిసిపోతుంటే నాకు మాత్రం ఒళ్లు మండింది. అది నా మాట. ఎవరి పిల్లకో ఎందుకు చెప్తుంది?

తర్వాత ఆమె గొంతులో క్యాన్సర్ పుండు లేచింది. కోసి స్వరపేటిక తీసేశారు. మెడ మీద ఊపిరికి ఒక రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఊపిరి ఉంది, మాట లేదు. ఇంట్లో అంతా తిరిగేది, వండేది, అలిగేది. ఏడుండావని అడిగితే ఎవర్‌సిల్వర్ టంబ్లరు మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టేది. ఈడే, ఉండా. ఫోను మోగితే మాత్రం అలవాటు కొద్దీ పరుగెత్తి తీసేది, తీశాక గుర్తొచ్చేది. నేను పక్కనుంచి అందుకుని "నాకే వచ్చుంటుందిలే పెద్దమ్మా" అనేదాన్ని. నాకు కాదని ఇద్దరికీ తెలుసు.

అలా అందుకున్న ఫోనొకటి స్టూడియో నుంచి. గబ్బిలాల సినిమాకు రెండో భాగం వస్తోందట, ఆ తల్లి గొంతే మళ్లీ కావాలట. సంగతి చెప్పాను. అవతల అబ్బాయి ఎవరినో అడిగి వస్తానన్నాడు. కాసేపటికి, "ఒక పాత జ్ఞాపకం సీనుంది మేడమ్, దానికి ముందు సినిమాలోని మాటే తీసి పెడతాం" అన్నాడు. స్పీకర్లో విన్న పెద్దమ్మ చెంచా అందుకుని రెండు దెబ్బలు కొట్టింది.

ఆ రోజు నుంచి ఆ సినిమా విడుదల మా ఇంట్లో పెళ్లి ముహూర్తమైపోయింది. పాత సినిమా తెలుగులో ఇప్పుడెక్కడా దొరకడం లేదు. ఫోనులో ఆమె గొంతు ఉందేమోనని వెతికితే అదీ లేదు. వీడియోలన్నీ ఆమే తీసేది, తీసినంతసేపూ స్టూడియోలోలాగా ఊపిరి బిగబట్టేది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క మాటలోనే.

మద్రాసులో తెలుగు ఆట వెయ్యలేదు. పెద్దమ్మా, నేనూ, నా కూతురూ లోకల్ రైలెక్కి ఆంధ్రా సరిహద్దు దాటి సూళ్లూరుపేట పోయాం. పిల్లల సినిమా అని పేరే గానీ హాల్లో సగం మంది నా వయసువాళ్లు. కొందరు పిల్లలు లేకుండానే వచ్చారు. రెండో భాగంలో గబ్బిలం పిల్ల పెద్దదై, దానికీ ఒక పిల్ల. తల్లి ముసలిదైంది, చెవులు మందగించాయి. గుహలో తన చోటనుకుని వేరేవాళ్ల చోట్లో పోయి వేలాడుతుంది. కూతురు ఏమీ అనకుండా మిగతా గబ్బిలాలన్నిటినీ జరిపి, అదే తల్లి చోటన్నట్టు నటిస్తుంది. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. "నాకే వచ్చుంటుందిలే" అనే మాట నా చెవిలో మోగింది. ముందు వరసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఒళ్లో పిల్లాడు "ఏమైంది నాయనా?" అన్నాడు. "ఈ అద్దాలు పడలేదురా" అన్నాడాయన.

ఆ సినిమాలో ఎవరూ చావరు. అయినా మేమంతా ఎందుకు ఏడ్చామో నాకక్కడే తెలిసింది. మొదటిది చూసేనాటికి మేము చీకట్లో కేకేసేవాళ్లం, పలికేవాళ్లు వేరే ఉన్నారు. రెండోది వచ్చేసరికి పలకాల్సింది మేమే. మధ్యలో ఎప్పుడు మారామో ఎవరూ చెప్పలేదు. పిల్లల బొమ్మ చూపించి, ఇంక మీ వంతని చెప్పారు.

జ్ఞాపకం సీను వచ్చింది. తెరంతా చీకటి. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఎక్కడున్నావు?" అంది పిల్ల.

"ఇక్కడే ఉన్నాను" అంది ఎవరో చిన్న వయసు అమ్మాయి. తేనె పూసినట్టుంది గొంతు. ఒక్క అక్షరం తప్పు లేదు.

పాత ముక్క దొరకలేదో, ఆ భాష పనికిరాదనుకున్నారో తెలీదు. పెద్దమ్మ ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు.

వెనక వరసలోంచి ఒక మగగొంతు లేచింది. "ఏందబ్బా ఇది? ఈడే ఉండా గదా అనాల!"

"అవునబ్బా, మార్చేసినారే" అని ఇంకెవరో.

"అచ్చం మాయమ్మ పలికినట్టుండేది. దానికోసరమే వచ్చినా నేను."

పెద్దమ్మ తల వంచుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో గొంతు లేని మనిషిలో ఎలా తెలుస్తుంది? నా మణికట్టు మాత్రం వదల్లేదు.

తిరుగు రైల్లో నా కూతురికి ఏదో చెప్పబోయింది. ఒక చేతి వేళ్లు పక్షి ముక్కులా తెరిచి మూసింది. రెండో చేతి వేలు నోటి దగ్గర్నుంచి తిప్పుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది.

"నోరు మూసుకునింది, మాట ఇంకా వస్తానే ఉంది. అంతేనా అవ్వా?"

కిటికీ ఊచ మీద ఉంగరంతో రెండు దెబ్బలు. ఆ అమ్మాయి చెప్పింది పెదాలకు పట్టలేదట! అంత దుఃఖంలోనూ తప్పు పట్టుకుంది మా పెద్దమ్మ.

జబ్బు తిరగబెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చివరి పొద్దున ఆసుపత్రిలో కళ్లు తెరిచి, మంచం కమ్మీ మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టింది. ఇన్నాళ్లూ ఆ దెబ్బలు నాకు జవాబు. ఆ పొద్దు అడుగుతున్నది ఆమె అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"ఈడే ఉండా పెద్దమ్మా" అన్నాను.

ఆమె చూపు నా కళ్ల మీద లేదు. పెదాల మీద ఉంది. మళ్లీ కొట్టింది. మళ్లీ పలికాను. బయట వరండాలో కాఫీ అమ్మేవాడు కేకేస్తూ పోతున్నాడు. దెబ్బ మెల్లగా, పలుకు. దెబ్బ ఇంకా మెల్లగా, పలుకు.

చెంచా ఆగింది. నా మాట ఇంకా వస్తానే ఉంది.