మేస్త్రీ చేతి చాక్లెట్ బిళ్లలు

మా ఆయన తాపీ మేస్త్రీ. ముప్ఫయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల గోడలన్నీ నున్నగా చేసిపెట్టారు గానీ మా వంటింట్లో గరిటె ముట్టిన పాపాన పోలేదు. మంచినీళ్లు కూడా నేను అందిస్తేనే తాగే రకం. తప్పుపట్టడం కాదు, ఉన్నమాట చెబుతున్నాను. మనిషి బంగారం. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటారు, అంతే. ఆ లోటు నేను తీరుస్తాననుకోండి.

నాది ఆసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు ఉతకడం, ఆరబెట్టడం, మడతపెట్టడం. ఇరవై రెండేళ్లు. ఏటా సంవత్సరాంతం సెలవులకి ముందు రోజు, మా పద్నాలుగు మందికీ తలా మూడు చాక్లెట్ ఉండలు పట్టుకెళ్లేదాన్ని. పీనట్ బటర్‌లో బిస్కెట్ల పొడి, పంచదార పొడి కలిపి ఉండలు చుట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టడమే. ఓవెన్ గోల లేదు. బ్రహ్మవిద్యేం కాదు గానీ, ఆ రోజు నేను డబ్బాతో కనబడితే చాలు, ఇస్త్రీ మిషన్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి.

ఈ ఏడు ఆ రోజే నా ఆఖరి రోజు, రిటైరయ్యే రోజు. సరిగ్గా దానికి పది రోజుల ముందు మెట్టు తప్పి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు వేశారు. పనికి రాలేకపోయినా సాయంత్రం వీడ్కోలుకి రమ్మని కబురొచ్చింది. వెళ్లడానికేం, వెళ్తాను. వట్టి చేతులతో ఎలా వెళ్లను? ఆఖరి రోజు చేతులూపుకుంటూ వెళ్లి చేతులూపుకుంటూ వస్తే వారం తిరక్కుండా మర్చిపోతారు నన్ను. ఆ భయం నాకు చాలా రోజుల నుంచీ ఉంది. ముందు రోజు పొద్దున్న టీ తాగుతూ తాగుతూ ఏడ్చేశాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, "నువ్వు చెబుతూ ఉండు, నేను చేస్తాను," అన్నారు.

ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు. అయినా వేరే దారేదీ? కుర్చీ వంటింటి మధ్యలో వేయించుకుని, దొరసానిలా కూర్చున్నాను.

ఆయన ఉండలు చుట్టడం చూసి నోరు మూసుకున్నాను. నలభై రెండు ఉండలూ అచ్చు పోసినట్టు ఒకే సైజు. నేను చుడితే ఒకటి గోలీ, ఒకటి నిమ్మకాయ. లోపల కాస్త కడుపుమంటగానే ఉంది, దాచుకోవడమెందుకు. తర్వాత వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టించి, అందులో ఇంట్లో ఉన్న చాక్లెట్ అంతా వెయ్యమన్నాను. "కలుపుతూ ఉండండి," అని చెప్పి, పక్కింటావిడ పిలిస్తే గుమ్మం దాకా వెళ్లాను. రెండు మాటలు మాట్లాడానో, నాలుగు మాట్లాడానో.

తిరిగొచ్చేసరికి గిన్నెలో చాక్లెట్ లేదు. నల్లటి గరుకు ముద్ద ఉంది.

"ఏం చేశారండీ?"

"బిగుసుకుంటున్నట్టు అనిపించింది. కాసిని నీళ్లు చిలకరించాను."

ముప్ఫయ్యేళ్లుగా సిమెంటు మాలు బిగుసుకున్నప్పుడల్లా ఆ చెయ్యి చేసిన పనే అది. చాక్లెట్‌కి నీటిబొట్టు పడదని నేను చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని నాకు తోచనే లేదు. తప్పు సగం నాదే, అయినా తిట్లు మాత్రం మొత్తం ఆయనకే పడ్డాయి. "మీకు ప్రపంచమంతా గోడలాగే కనిపిస్తుందా? నా ఇరవై రెండేళ్ల పేరు గంగలో కలిపారు కదండీ," అన్నాను. వీధి చివర కొట్టు సెలవులకి అప్పుడే మూసేశారు. మళ్లీ నాకు ఏడుపు.

ఆయన ముద్దలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు.

"పాడవలేదు. గట్టిపడిందంతే. పాలు వేడిచెయ్యనా?"

"ఉన్న తడి చాలక పాలు కూడానా?"

"కొంచెం తడికి బిగుసుకుంది. ఇంకొంచెం పోస్తే జారుతుంది."

చెంచా చెంచాగా వేడిపాలు పోస్తూ, భుజం బలమంతా పెట్టి కలిపారు. పదో చెంచాకి గరుకు పోయింది. ఇంకాసేపటికి నిగనిగలాడుతూ గరిటె మీంచి జారింది. చెబితే నమ్మరు, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కానీ ఉండని ముంచితే చాక్లెట్ నిలవక కారిపోతోంది. ఆయన కాసేపు ఆలోచించి, నలభై రెండు ఉండల్నీ పళ్లెంలో వేసి అదిమేశారు. నా ప్రాణం ఉసూరుమంది. దాని మీద చాక్లెట్ పోసి, సిమెంటు ముఖం చూడని కొత్త తాపీ ఒకటి తెచ్చి కడిగి, పూత పూశారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టాక, వేడినీళ్లలో ముంచిన కత్తితో నలభై రెండు చదరపు బిళ్లలు కోశారు. ఒక్క అంచు వంకర లేదు.

"రేపు అక్కడ మీరు చేశారని మాత్రం అనకండి," అన్నాను. సిగ్గులేని మాటే, అయినా అన్నాను. సరేనన్నట్టు తల ఊపారు.

మర్నాడు డబ్బా మోయడానికి ఆయనే వచ్చారు. ఉండలు బిళ్లలయ్యాయేమిటని అందరూ వింతగా చూశారు. తలా ఒకటి నోట్లో వేసుకున్నారు. మా సూపర్‌వైజరమ్మ రెండోది కూడా తిని, "అక్కా, ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఏం మార్చావు?" అంది.

ఆయన గబుక్కున, "అంతా తనే. నేను గరిటె తిప్పానంతే," అన్నారు.

అంతగా మాట్లాడని మనిషి నాకోసం అబద్ధమాడుతుంటే ఇంక నేనేం మనిషిని? "నమ్మకండి. చేసింది ఈయనే. నేను కుర్చీలో కూర్చుని తిట్టాను," అన్నాను.

లాండ్రీ అంతా ఘొల్లుమంది. సూపర్‌వైజరమ్మ ఆయన వైపు తిరిగి, "అయితే బావగారూ, వచ్చే ఏడాది కూడా మీరే తేవాలి. అక్క ఎలాగూ రిటైరైపోతోంది," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కలుక్కుమంది. ఇరవై రెండేళ్లు చాకిరీ చేసింది నేను, పిలుపు ఈయనకి.

ఆయన ఖాళీ డబ్బాకి మూత పెట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఆవిడ తిట్టకపోతే అవి కుదరవమ్మా," అన్నారు. "వస్తే ఇద్దరం వస్తాం."